జేబులో ఉన్నట్టే తెలియని చిన్న మడత చాకు కావాలి, వైజాగ్ గాలికి తుప్పు పట్టనిది

నీళ్ల_మెషీను

అందరికీ నమస్తే. నేను వాటర్ ప్యూరిఫయర్ సర్వీసు చేస్తాను. పొద్దున్న పెందుర్తిలో ఉంటే మధ్యాహ్నం ఎంవీపీ కాలనీ, ఒక్కోరోజు సాయంత్రానికి మధురవాడ. బండి మీద టూల్ బ్యాగ్ ఉంటుంది గానీ కార్టన్ మీద టేపు కోయడానికీ, కేబుల్ టై తెంపడానికీ, మధ్యాహ్నం చెట్టు కింద బండి ఆపి ఓ జామకాయ కోసుకోవడానికీ ప్రతిసారీ ఆ బ్యాగ్ జిప్పు తీసి అడుగుదాకా కెలకడం విసుగు. ఇన్నాళ్లూ షేవింగ్ బ్లేడు సగానికి విరిచి కాగితంలో చుట్టి పర్సులో పెట్టుకునేవాణ్ణి. మా నాన్న అలవాటు అది. పెట్రోల్ బంకులో నోటు తీయబోతే వేలు తెగింది, నోటు మీద రక్తం చూసి అక్కడి కుర్రాడు తీసుకోనన్నాడు.

దాంతో పోయిన వేసవిలో ఆన్‌లైన్‌లో ఒక నల్ల మడత కత్తి కొన్నాను. ఫోటోలో భలే ఉంది. చేతికొచ్చాక తెలిసింది, నా అరచేతికంటే పొడుగు, ప్యాంటు జేబు కిందికి లాగేస్తోంది. అయినా డబ్బు పెట్టాం కదా అని వాడాను. సీతమ్మధారలో ఒక ఫ్లాట్‌కి ఫిల్టర్లు మార్చడానికి వెళ్లా. కొత్త ఫిల్టర్ డబ్బా టేపు కోద్దామని జేబులోంచి తీసి మీట తోశాను, టక్కుమని తెరుచుకుంది. వంటింటి గుమ్మం దగ్గర చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మామ్మగారు చేతిలో కాయ చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు. "అదెందుకు బాబూ?" అన్నారు. "టేపుకి మామ్మగారూ" అన్నాను. లోపల్నుంచి కోడలుగారు వచ్చి, ఏమీ అనలేదు గానీ నా పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత దాన్ని ఇంట్లోనే పడేశాను. వానలు మొదలయ్యాక చూస్తే స్క్రూల చుట్టూ ఎర్రగా తుప్పు.

నాకు కావాల్సింది ఇదీ: 50 గ్రాముల లోపు, చూస్తే ఎవరూ బెదరకూడదు, చెమటకీ ఉప్పుగాలికీ తట్టుకోవాలి, పళ్లు కోయడానికి కూడా పనికిరావాలి. ఒక చేత్తో తెరుచుకుంటే మంచిదే, లేకపోయినా సరే. బడ్జెట్ మూడు వేలు. మరీ మంచిదైతే ఇంకొంచెం.

కట్టరే_చాలు

బ్రో, ముప్పై రూపాయల కట్టర్ ఉండగా మూడు వేలు ఎందుకు? మొద్దుబారితే ఒక ముక్క విరిచెయ్, కొత్త పదును రెడీ. పోయినా బాధ లేదు. మా గోడౌన్‌లో రోజుకి రెండొందల పెట్టెలు దాంతోనే తెరుస్తాం.

నీళ్ల_మెషీను

పెట్టెలు మాత్రమే అయితే అదే బెస్ట్, ఒప్పుకుంటా. కానీ కట్టర్ జేబులో పెడితే కూర్చున్నప్పుడు స్లైడర్ దానంతటదే జరిగిపోతోంది, ఒకసారి జేబు గుడ్డకి చిల్లు పడింది. పైగా టేపు జిగురు నల్లగా అంటుకున్న బ్లేడుతో జామకాయ ఎలా కోసుకోమంటావ్?

ఉక్కునగరం_రిటైర్డ్

తమ్ముడూ, స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ణి. ముందే చెప్పేస్తున్నా, మన ప్లాంటులో వచ్చేది కడ్డీలు, వైర్ రాడ్లు, కట్టడాలకి వాడే ఉక్కు. చాకు ఉక్కు కాదు. కాబట్టి నేను చెప్పేది ఉద్యోగంలో నేర్చుకున్నదానికంటే ఈ ఊళ్లో తుప్పుతో చేసిన కాపురం వల్ల తెలిసిందే ఎక్కువ.

నీ నల్ల కత్తి ఉక్కు ఏదో రాయలేదు. డీ2 అనే రకం ఉక్కు అయ్యుంటుందని నా అనుమానం, ఎందుకంటే మధ్య ధరలో వచ్చే చైనా మడత కత్తుల్లో అదే ఎక్కువ కనపడుతుంది, రివ్యూలు రాసేవాళ్లంతా దాన్నే పొగుడుతుంటారు. వాళ్లు ఉండేది మనలాగా సముద్రం పక్కన కాదు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో క్రోమియం కనీసం 10.5 శాతం ఉండాలి, ఆ క్రోమియమే పైన కంటికి కనపడని పొర కట్టి తుప్పుని ఆపుతుంది. డీ2లో అది దాదాపు 12 శాతం. కాగితం మీద పాస్. కానీ అందులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది, ఆ కార్బన్ క్రోమియంలో చాలా భాగాన్ని పట్టుకుని గట్టి కార్బైడ్ రేణువులుగా మార్చేస్తుంది. పదును ఎక్కువ రోజులు ఆగేది ఆ రేణువుల వల్లే, పైపొరకి క్రోమియం చాలకుండా పోయేదీ వాటి వల్లే. రెండూ ఒకచోట దొరకవు.

నా దగ్గరా ఒక డీ2 ఉండేది. మనవడితో భీమిలి బీచికి వెళ్లొచ్చి, చొక్కా మార్చుకుని, కత్తి ఆ చొక్కా జేబులోనే వదిలేశాను. మర్నాడు తీస్తే బ్లేడు మొదట్లో, మడత దగ్గర, కాఫీపొడి చల్లినట్టు చుక్కలు. పైనవి రుద్దితే పోయాయి. మడత లోపల ఉన్నవి పోవాలంటే మొత్తం విప్పాలి.

అందుకని నీలాంటివాళ్లు పదును ఎన్నాళ్లు ఆగుతుంది అన్నది పక్కన పెట్టి, తుప్పు పట్టదు, రాయి మీద రెండు నిమిషాల్లో పదునెక్కుతుంది అనే మెత్తటి స్టెయిన్‌లెస్ తీసుకోవాలి. విక్టోరినాక్స్ అనే స్విస్ చాకుల కంపెనీ వాళ్ల బ్లేడు సరిగ్గా అలాంటిదే. రాక్‌వెల్ అనే కొలతలో గట్టితనం 56 దగ్గర ఉంచుతారు, కత్తుల పిచ్చోళ్లు దాన్ని చూసి మెత్తన అని ఎగతాళి చేస్తారు గానీ, వాళ్లదే స్పార్టన్ అనే నా చాకు పద్నాలుగేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంది, దాని బ్లేడు మీద ఒక్క చుక్క లేదు. ఆ కంపెనీ పేరులో చివరి సగం ఏమిటో తెలుసా? ఐనాక్స్. బీచ్ రోడ్డులో సినిమా హాలు కాదు, తుప్పు పట్టనిది అనే అర్థం వచ్చే ఫ్రెంచ్ మాటకి పొట్టి రూపం. మొదటి సగం విక్టోరియా, కంపెనీ పెట్టిన కార్ల్ ఎల్సెనర్ తల్లి పేరు. 1921లో స్టెయిన్‌లెస్ వాడకం మొదలైనప్పుడు రెండూ కలిపారు.

నీకు నా సలహా ఆ కంపెనీ క్యాడెట్, అలాక్స్ పిడి ఉన్నది. మూసినప్పుడు 84 మి.మీ., బరువు 46 గ్రాముల చిల్లర. పిడి ఎర్ర ప్లాస్టిక్ కాదు, గళ్లు చెక్కిన అల్యూమినియం, చెమట చేతికి జారదు, పలచగా ఉంటుంది. సీసా మూత తీసేదాని పక్కన వైరు తొడుగు ఒలిచే చిన్న గాడి ఉంటుంది, డబ్బా మూత కోసేదాని కొస చిన్న స్టార్ స్క్రూలకి కూడా పట్టుకుంటుంది. నీ పనికి ఆ రెండూ అక్కరకొస్తాయి. నీ బడ్జెట్ కాస్త దాటుతుంది.

సీతమ్మధార_టీచర్

నేను ఆ మామ్మగారిని కాదు, అదే పేటలో ఉంటాను అంతే. కానీ ఆ గుమ్మం వైపు నుంచి ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు రిపేరుకి వచ్చినతను సుత్తి తీసినా, హ్యాక్సా తీసినా నాకు ఏమీ అనిపించదు. ఒక చేత్తో టక్కుమని కత్తి తెరిస్తే మాత్రం గుండె జారుతుంది. సైజు కాదు సమస్య, ఆ చప్పుడు. రెండు చేతులతో గోరు పెట్టి మెల్లగా లాగి తీసే చాకు ఎవరి చేతిలో చూసినా పెన్సిలు చెక్కుకునేవాడిలా కనిపిస్తాడు. కాబట్టి ఒక చేత్తో తెరుచుకోవాలి అన్న కోరిక మీ లిస్టులోంచి కొట్టేయండి.

నా తాళాల గుత్తికి ఎనిమిదేళ్లుగా అదే కంపెనీ బుల్లి చాకు, క్లాసిక్ ఎస్‌డీ ఉంది. 58 మి.మీ., 21 గ్రాములో ఎంతో. మూడు పది రూపాయల బిళ్లలంత బరువు కూడా ఉండదు. నిజం చెప్పాలంటే అందులో బ్లేడు నేను వాడేది తక్కువ, కత్తెరే ఎక్కువ. జాకెట్టు దారం, టాబ్లెట్ స్ట్రిప్పు, పిల్లల ప్రాజెక్టు కాగితాలు, పాల ప్యాకెట్టు, అన్నీ దాంతోనే. స్టాఫ్ రూములో రోజుకి ఒకరైనా "మేడమ్, మీ బుల్లి కత్తెర" అని వస్తారు. టూత్‌పిక్ మాత్రం మొదటి ఏడాదే పోయింది.

పళ్లకి మాత్రం అది చాలదు. బ్లేడు మూడున్నర సెంటీమీటర్లు, జామకాయ వరకు సరే, కొబ్బరి మామిడికాయ చెక్క తీయబోతే టెంక దాకా అందదు, నాలుగు వైపులా గాట్లు పెట్టి విరవాలి. రసమంతా మడతలోకి పోయి మర్నాటికి జిగురు పట్టి తెరుచుకోదు. వేణ్ణీళ్లలో ఆడించి ఆరబెట్టుకోవాల్సిందే.

అరకు_ఘాట్_బండి

అందరూ స్విస్ అంటున్నారు, ఒపినెల్ గురించి ఒక్కరూ మాట్లాడరేం? చెక్క పిడి, చూస్తే వంటింటి చాకులాగే ఉంటుంది, ఏ మామ్మా బెదరదు. 6వ నంబరు బ్లేడు 7 సెంటీమీటర్లు, బరువు ముప్పై గ్రాముల దగ్గర. బ్లేడు పలచన, పండు కోస్తే వెన్నలో దిగినట్టు దిగుతుంది, ఆ విషయంలో స్విస్ చాకు దీని కాలిగోటికి సరిపోదు. 1890లో జోసెఫ్ ఒపినెల్ ఫ్రాన్సులో కొండ ఊళ్ల రైతుల కోసం మొదలుపెట్టాడు, ఇవాళ్టికీ రూపం పెద్దగా మారలేదు. మెడ దగ్గర తిప్పే రింగు 1955లో వచ్చింది, తిప్పితే బ్లేడు లాక్ అవుతుంది.

కానీ నిజాయితీగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లో వానాకాలం దానితో కష్టం. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, బ్లేడుని రెండు వైపులా పట్టేస్తుంది. పోయిన జూలైలో అరకు ఘాట్‌లో వానలో తడిసి ఒక టీ బడ్డీ దగ్గర ఆగాం. అనాసపండు కోద్దామని తీస్తే గోరు విరిగింది తప్ప చాకు తెరుచుకోలేదు. ఆ టీ బడ్డీ ఆయన చూసి చూసి, కొబ్బరిబోండాల కత్తితో నాలుగు దెబ్బల్లో పండు ముక్కలు చేసి ఆకులో పెట్టి ఇచ్చాడు. మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. దానికి ఉపాయం ఉంది, రింగు లాక్ తీసి ఉంచి, పిడి వెనక చివరని బల్ల అంచుకేసి టపీమని కొడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు పట్టుకుని లాగొచ్చు. ఫ్రాన్సులో ఆ దెబ్బకి ఒక పేరే ఉంది. కొత్త చాకుకి మడత దగ్గర చెక్కలోకి నూనె పట్టించి రెండు రోజులు ఉంచితే ఉబ్బడం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కొంటే బ్లేడు మీద ఐనాక్స్ అని ఉన్నదే కొను. కార్బన్ అని రాసి ఉన్నది పదునుకి మహారాజు గానీ మామిడికాయ పులుపుకి పది నిమిషాల్లో నల్లబడుతుంది, ముక్కకి ఇనుప వాసన.

ఉక్కునగరం_రిటైర్డ్

అరకు బాబు చెప్పింది నిజం, పండు కోయడంలో ఒపినెల్‌కి సాటి లేదు. కానీ రోజంతా నీళ్ల పనిలో చేతులు తడిగా ఉండే మనిషికి చెక్క పిడి నేను చెప్పను. ఇంట్లో పెట్టుకో, బంగినపల్లి సీజన్‌కి.

ఇంకొకటి మరిచాను. డబ్బు ఉంటే స్పైడెర్కో డ్రాగన్‌ఫ్లై చూడొచ్చు, 34 గ్రాములే, లాక్ ఉంటుంది, క్లిప్ ఉంటుంది, బ్లేడులో గుండ్రటి కన్నం ఉంటుంది, బొటనవేలితో తెరవొచ్చు. అదే కంపెనీ సాల్ట్ అని ఒక వరస చేస్తుంది, దానికి తుప్పుని బాగా తట్టుకునే ఉక్కు వాడతారు, ఉప్పునీళ్లలో నానినా ఏమీ కాదు. ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీదికి వెళ్లేవాడికైతే అదే కొనమంటాను. నీ బడ్జెట్‌కి రెండూ దూరం.

కోర్టు_పక్క_జిరాక్స్

లాయర్ని కాదు, కోర్టు పక్కన జిరాక్స్ షాపు నాది. రోజూ ఇవే కాగితాలు చూస్తుంటా కాబట్టి చెప్తున్నా. ఆయుధాల చట్టం 1959ది, దాని కింద ఇప్పుడు నడుస్తున్న రూల్స్ 2016వి. అందులో కత్తుల గురించి రాసింది 9 అంగుళాల కంటే పొడుగు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్నవాటి సంగతి, ఇంటికీ వ్యవసాయానికీ పరిశ్రమకీ తయారైన పనిముట్లని అందులోంచి తీసేశారు. మీరు మాట్లాడుకునే చాకులు మూడు అంగుళాలు కూడా దాటవు. అయితే రూల్ ఒకటి, రోడ్డు మీద ఆపిన కానిస్టేబుల్‌కి కనిపించేది ఇంకొకటి. స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే బటన్ కత్తులు ఎంత చిన్నవైనా జోలికి పోకండి, ఢిల్లీలో వాటి మీద విడిగా నోటిఫికేషన్ తెచ్చి ఎన్నో కేసులు పెట్టారు. ఎన్నికలప్పుడు, ఊళ్లో గొడవలై జనం గుమిగూడకుండా సెక్షన్ 163 పెట్టినప్పుడు, అదే మనం ఇంకా 144 అనే అంటున్నాం కదా, అప్పుడు ఏ చాకైనా ఇంట్లో పెట్టడమే మంచిది. నీ దగ్గర సర్వీసు ఐడీ కార్డు, టూల్ బ్యాగ్ ఉంటాయి కాబట్టి మామూలు రోజుల్లో టెన్షన్ పడక్కర్లేదు.

ఎయిర్‌పోర్టులో చేతి సామానులో ఎంత చిన్నదైనా ఒప్పుకోరు, లగేజీలో వేసేయాలి. తాళాల గుత్తికి తగిలించినది మరిచిపోవడం చాలా తేలిక, మా బావమరిది అలాగే వదిలేసి హైదరాబాద్ వెళ్లాడు.

సీతమ్మధార_టీచర్

నేను కూడా ఒకటి అలా వదిలేశాను. పైన చెప్పిన ఎనిమిదేళ్లది రెండోది అన్నమాట.

మూడు_కుట్లు

పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. ప్లంబింగ్ పని నాది. ఈ స్విస్ చాకులకి లాక్ ఉండదు అన్న సంగతి పైన ఎవరూ గట్టిగా చెప్పలేదు. వెనక ఒక పట్టీ స్ప్రింగు ఉంటుంది, అది బ్లేడుని నొక్కి పట్టుకుంటుందే తప్ప బిగించదు. పదును వైపు నుంచి కిందికి కోసినంతసేపు ఏ భయం లేదు, ఎందుకంటే నువ్వు నొక్కేది తెరుచుకునే దిక్కుకే. మొనతో పొడిచావా, అయిపోయావ్.

నేను చేసింది అదే. గాజువాకలో ఒక ఇంట్లో ప్లాస్టిక్ డ్రమ్ముకి ట్యాప్ పెట్టాలి, డ్రిల్లు బండిలో ఉంది, మూడంతస్తులు దిగడం బద్ధకం. చాకు మొన పెట్టి గుచ్చి తిప్పితే సరిపోతుంది కదా అనుకున్నా. ప్లాస్టిక్ కొంచెం లొంగింది, మొన ఇరుక్కుంది, నేను చెయ్యి తిప్పాను, చాకు చూపుడువేలి మీద పుస్తకం మూసుకున్నట్టు మూసుకుంది. నొప్పి వెంటనే తెలియలేదు. డ్రమ్ము నీలం రంగు, దాని మీద చుక్కలు పడుతుంటే ఇదేంటని చూశా. మూడు కుట్లు, పది రోజులు పని లేదు. ఆ ఇంటి ఓనరు మాత్రం పాపం పసుపు తెచ్చి అద్ది ఆటో ఎక్కించాడు.

కాబట్టి ఏది కొన్నా కన్నాలు పెట్టకు, ఎత్తకు, పెకలించకు. ఇంకో మాట, నీకు తెలిసే ఉంటుంది, ఆర్‌ఓ పైపు చాకుతో కోయకు. పావు అంగుళం పైపు ఏటవాలుగా తెగితే పుష్ ఫిట్టింగు లోపల రబ్బరు రింగు సరిగ్గా కూర్చోదు, నువ్వు వెళ్లిన రెండో రోజు కారుతుంది, తిట్లు నీకే. దానికి పైపు కట్టరే.

నీళ్ల_మెషీను

అన్నా, పైపు కట్టర్ ఎప్పుడూ బ్యాగులోనే. మొదటి నెలలో ఒకసారి చాకుతో కోసి, రాత్రి పదకొండుకి ఫోన్ వచ్చి, మర్రిపాలెం నుంచి మళ్లీ వెళ్లా. ఆ తర్వాత లేదు.

మరి లాక్ ఉన్నదే తీసుకోమంటారా?

మూడు_కుట్లు

లాక్ ఉంటే మంచిదే, కానీ లాక్ ఉంది కదా అన్న ధైర్యంతో ఇంకా పిచ్చి పనులు చేస్తాం. పైగా లోపల పట్టీ జరిగి బిగుసుకునే రకం మూసేటప్పుడు నీ బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది, అలవాటయ్యేదాకా అదొక ప్రమాదం. నా ఓటు క్యాడెట్‌కే. ఇప్పుడు నా జేబులో ఉన్నదీ అదే. మూసేటప్పుడు అరచెయ్యి బ్లేడు వీపు మీద పెట్టి నొక్కు, వేళ్లు గాడిలోకి పోనివ్వకు.

నకిలీలు చాలా తిరుగుతున్నాయి, జాగ్రత్త. బ్లేడు మొదట్లో కంపెనీ పేరు చెక్కి ఉందో లేదో చూడు, తెరిచి అటూ ఇటూ కదిపితే ఆడకూడదు, మూసేటప్పుడు చివర్లో టక్‌మని గట్టిగా లోపలికి లాక్కోవాలి. బీచ్ దగ్గర పదకొండు పనుల చాకు అని నూటయాభైకి అమ్మేవి అసలు ముట్టుకోకు, కత్తెర కూడా కోయదు.

నీళ్ల_మెషీను

రెండు నెలల తర్వాత వస్తున్నా, ఏమనుకోకండి. క్యాడెట్ కొన్నాను, వెండి రంగుది. బడ్జెట్ దాటింది, ఇంట్లో అసలు ధర చెప్పలేదు. కంచరపాలెంలో మా కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే 46 చూపించింది, ఉక్కునగరం అంకుల్ లెక్క కరెక్ట్. ఆరు పది రూపాయల బిళ్లలు పక్కన పెట్టి చూశాం, అదే బరువు. నిజంగానే జేబులో ఉన్నట్టు తెలియడం లేదు, మొదటి వారం రోజుకి పదిసార్లు తడిమి చూసుకున్నా. వానల్లో తడిసింది, చెమటలో నానింది, ఒక్క మచ్చ లేదు. జేబులో నూలు పోగులు మడతలోకి పోతున్నాయి, ఆదివారం అగ్గిపుల్లతో తీసి, నీళ్లలో ఆడించి ఎండలో పెడుతున్నా. కత్తెర లేదన్నదొక్కటే లోటు, టీచర్‌గారి మాట విన్నాక అది కూడా కావాలనిపిస్తోంది.

అసలు సంగతి ఇది. మళ్లీ ఆ సీతమ్మధార ఫ్లాటుకే కాల్ వచ్చింది, మెంబ్రేన్ మార్చాలి. మామ్మగారు అదే గుమ్మం, ఈసారి గోంగూర ఒలుస్తున్నారు. నేను కావాలనే వాళ్లకి కనపడేట్టు, గోరు పెట్టి మెల్లగా తెరిచి టేపు కోశాను. ఆవిడ చెయ్యి చాచి "ఏదీ, ఇలా ఇవ్వు" అన్నారు. పిడి వైపు తిప్పి ఇచ్చా. కళ్లజోడు పైకి తోసుకుని, బొటనవేలి చర్మం మీద బ్లేడుని అడ్డంగా అలా అలా తాకించి చూసి, "దీనికి గోంగూర కాడ కూడా తెగదురా నాయనా, ఎంత పోశావేమిటి?" అన్నారు. చెప్పలేదు. మా ఇంట్లోనే చెప్పలేదు కదా.

నిజమే, రెండు నెలల కార్టన్లకి మొద్దుబారింది. ఎలా పదును పెట్టాలి? మా వీధికి సైకిలు మీద సాన పట్టేవాడు వస్తాడు, ఇవ్వనా?

ఉక్కునగరం_రిటైర్డ్

వద్దు వద్దు వద్దు. ఆ చక్రం కత్తిపీటకి, కొడవలికి. ఇంత పలచటి బ్లేడుని దాని మీద పెడితే అంచు వేడెక్కి ఉన్న గట్టితనం కూడా పోతుంది, పైగా ఒక్క పట్టుకి ఏడాది ఉక్కు తినేస్తుంది.

రాయి కొనక్కర్లేదు. ఇంట్లో పింగాణీ కాఫీ కప్పు ఉందా? తిరగెయ్. అడుగున మెరుపు లేకుండా గరుకుగా ఒక వలయం ఉంటుంది చూడు, అదే నీ రాయి. నాలుగు నీటిచుక్కలు వెయ్. బ్లేడుని బల్లపరుపుగా పెట్టి, వీపు వైపు కొంచెం ఎత్తు, పదిహేను నుంచి ఇరవై డిగ్రీలు. నీ బ్లేడుకి అంటే రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి వీపు కింద దూరిస్తే ఎంత ఎత్తొస్తుందో అంత. కప్పు మీది నుంచి పలచటి పొర గీకి తీస్తున్నట్టు మొదలు నుంచి మొనదాకా లాగు, అటు పది ఇటు పది. బరువు వెయ్యకు. నల్లటి గీత కప్పు మీద పడుతుంది, అది ఉక్కే, భయపడకు. తర్వాత పాత తోలు బెల్టు లోపలి వైపు, పదును వెనక్కి ఉండేలా ఓ ఇరవైసార్లు రుద్దు. న్యూస్‌పేపర్ అంచు నిలువుగా పట్టుకుని కోసి చూడు, చిరిగితే ఇంకా కావాలి, తెగితే చాలు.

మడతలో ఒక్క చుక్క నూనె. వంటనూనె వెయ్యకు, కొన్నాళ్లకి జిగురైపోతుంది. మెడికల్ షాపులో లిక్విడ్ పారాఫిన్ అని అడుగు, మలబద్ధకానికి ఇచ్చేది. రంగూ వాసనా ఉండదు, నోట్లోకి పోయినా ఏం కాదు, పళ్లు కోసే చాకుకి అదే సరి. షాపువాడు అదోలా చూస్తే చూడనీ.

నీళ్ల_మెషీను

కప్పు పని చేసింది అంకుల్! పేపరు గాల్లో తెగుతోంది. కాకపోతే అది మా ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సెట్టులో కప్పు, అడుగున నల్లటి గీతలు పోవడం లేదు. సబ్బు, వంటసోడా, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. దేంతో పోతాయో ఎవరికైనా తెలిస్తే సాయంత్రం ఆరులోపు చెప్పండి.